నడుం నొప్పికి కరెంట్: సెంటర్‌లోనా, ఇంట్లోనా?

ఫిజియోథెరపీ సెంటర్‌లో కరెంట్ పెట్టే ఐఎఫ్‌టీ సిట్టింగులకు వెళ్లాలా, ఇంట్లోనే ప్యాడ్లతో సన్నటి కరెంట్ ఇచ్చే చిన్న టెన్స్ మెషిన్ కొనుక్కోవాలా? నెలల తరబడి నడుం నొప్పితో తిప్పలు పడుతున్నవాళ్లు పదే పదే అడిగేది ఇదే. ఈమధ్య మా అత్తయ్య కోసం మేమూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. టెన్స్ కొన్నాం.

పని రెండింటిదీ దాదాపు ఒకటే. నరాలను తట్టి, వెన్నుపాము దగ్గరే నొప్పి కబురును అడ్డుకోవడం. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన గేట్ సిద్ధాంతమే దీనికి మూలం. ఐఎఫ్‌టీలో సుమారు 4,000 హెర్ట్జ్ దగ్గర కొద్ది తేడాతో రెండు కరెంట్లు కలుస్తాయి. చర్మానికి చురుకు తెలియదు, లోతుకు దిగుతుంది అంటారు. హాయిగా ఉండే మాట నిజమే. అయితే ఆ లోతు వల్ల టెన్స్ కంటే నడుం నొప్పి ఎక్కువ తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు.

అసలు చిక్కు వేరే. ఉపశమనం కరెంట్ నడిచినంతసేపు, ఆపైన కాసేపు. 1990లో డేయో అనే అమెరికా డాక్టర్ బృందం 145 మందిపై చేసిన పరీక్షలో నిజం టెన్స్‌కీ, కరెంట్ రాని ఉత్తుత్తి టెన్స్‌కీ తేడా కనబడలేదు. వ్యాయామం చేసినవాళ్లకు మాత్రం గుణం కనిపించింది. చాలామంది మానేయడంతో రెండు నెలల్లో అదీ పోయింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి ఈ రెండూ ఇవ్వొద్దనే చెప్పింది.

మరి ఎందుకు కొన్నట్టు? కదలడానికి. ఐఎఫ్‌టీకి బోర్లా పడుకోవాలి, ఆటోలో ఇల్లు చేరేసరికి ఆ హాయి కాస్తా గోవిందా. టెన్స్ డబ్బాను నడుముకు తగిలించుకుని నడవొచ్చు, ఫిజియో నేర్పిన వ్యాయామాలు చేసుకోవచ్చు. "ఇది ఉంటే వంగాలంటే భయం వేయట్లేదమ్మా" అంటుంది అత్తయ్య. నాకు కావలసింది ఆ వంగడమే.

ప్యాడ్లతోనే కాస్త పేచీ. కొబ్బరినూనె రాసిన ఒంటికి అస్సలు అంటవు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక, వెన్నెముకకు అటూ ఇటూ అంటించాలి. చీమలు పాకినట్టు బాగా తెలిసేదాకా పెంచాలి గానీ కండ బిగిసేంత కాదు. తీశాక మళ్లీ వాటితో వచ్చిన ప్లాస్టిక్ షీటుకే అంటించాలి, లేదంటే జిగురు త్వరగా పోతుంది. కొత్త ప్యాడ్ల ఖర్చు కొనేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

వీపు మీద ప్యాడ్లు అంటించేవాళ్లు ఇంట్లో లేకపోతే సెంటరే నయం. అదీ కరెంట్ పెట్టాక దగ్గరుండి వ్యాయామం చేయించే చోటైతేనే. స్విచ్ వేసి వెళ్లిపోయే చోటైతే డబ్బు దండగ.

ఇలాంటి పేర్లే ఇంకో రెండు వినిపిస్తాయి. మజిల్ స్టిమ్యులేటర్ కండ బలానికి, నొప్పికి కాదు. వెన్నులో అమర్చే స్టిమ్యులేటర్ అంటే ఆపరేషన్. అప్పటిదాకా జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2023 కోక్రేన్ సమీక్ష దానితో నడుం నొప్పికి నిలకడైన లాభం కనబడలేదంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వీటి జోలికి పోవద్దు. కాళ్లు మొద్దుబారుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా మెషిన్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.