ఏఐ ఏజెంట్ చేతికి పనుల లిస్టు ఇచ్చేముందు: టాస్క్‌వారియర్ రివ్యూ, మిర్యాలగూడ నుంచి

మిర్యాలగూడలో రైస్ మిల్లు మెషిన్లకు సర్వీసు చేస్తాం, నేనూ ఇంకో ఇద్దరు టెక్నీషియన్లూ. ఎవరి ఎలివేటర్ బెల్టు ఎప్పుడు చూడాలి, ఏ షెల్లర్‌కు (వడ్ల పొట్టు తీసే మెషిన్) రబ్బర్ రోల్స్ మార్చాలి, ఎక్కడ బేరింగులకు గ్రీజు పెట్టాలి, ఇవన్నీ కంప్యూటర్‌లో టాస్కులుగా రాసుకుంటాం. మూడు వందలకు పైనే ఉంటాయి. సీజన్‌లో వాటి తేదీలు ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చుంటే రాత్రి రెండవుతుంది, అందుకే ఆ పని ఏఐ ఏజెంట్‌కు, అంటే మనం మాటల్లో చెప్తే కంప్యూటర్‌లో పని తానే చేసిపెట్టే ప్రోగ్రామ్‌కు అప్పజెప్పాను. అప్పుడు వాడింది వేరే యాప్.

పోయిన వానాకాలం సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలై మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు వరుసకట్టిన టైమ్‌లో ఒక సేటు ఫోన్ చేసి "ఈ వారం మెషిన్ ఆపేది లేదు, మీ పనులన్నీ వచ్చే వారం పెట్టుకోండి" అన్నాడు. ఆయన వేంకటేశ్వర మిల్లు పనులు ఒక వారం వాయిదా వేయమని ఏజెంట్‌కు చెప్పాను. మా దగ్గర వేంకటేశ్వర పేరున్న మిల్లు ఒక్కటే ఉంటుందా? నా కస్టమర్లలోనే మూడున్నాయి. నాలుగు టాస్కులు వాయిదా పడాల్సింది పదకొండు పడ్డాయి. "మీరు చెప్పినట్టే వాయిదా వేశాను" అని ఏజెంట్ ఒక్క లైను రాసింది, నేను నమ్మాను. అలా వాయిదా పడిన వాటిలో వేములపల్లి వైపు ఉన్న మిల్లు ఎలివేటర్ బేరింగు ఒకటి. అది పట్టేసి సగం రోజు మిల్లు ఆగింది, రైతులు లోడు ట్రాక్టర్లతో ఎండలో నిలబడ్డారు. ఆ మిల్లు సేటు నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాతే టాస్క్‌వారియర్‌కు మారాను. ఫ్రీ, ఓపెన్ సోర్స్, నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టి నడిపే టాస్క్ మేనేజర్. చూడ్డానికి ఏమీ ఉండదు. నాకు నచ్చింది అది మార్పులు చేసే పద్ధతి. ఒకే కమాండ్‌తో మూడు లేదా అంతకంటే ఎక్కువ టాస్కులు మారబోతుంటే ఆగి అడుగుతుంది: ఇన్ని టాస్కులు మారతాయి, దీని గడువు ఈ తేదీ నుంచి ఆ తేదీకి పోతుంది, సరేనా? ఈ మూడు అనే అంకె బల్క్ అనే సెట్టింగులో ఉంటుంది. మామూలు కన్ఫర్మేషన్ ఆపేసినా ఇది అడుగుతూనే ఉంటుంది, బల్క్‌ను సున్నా చేస్తే తప్ప. పదకొండు అనే అంకె ఆ రోజు నా కళ్ల ముందుకు వచ్చి ఉంటే అక్కడే ఆపేసేవాణ్ణి. డిలీట్ చేసిన టాస్క్ కూడా వెంటనే పోదు, డిలీట్ అయినట్టు గుర్తు పడి లోపలే ఉంటుంది, పూర్తిగా పోవాలంటే పర్జ్ అని విడిగా కమాండ్ ఇవ్వాలి. అన్‌డూ కూడా ఏం వెనక్కి తీస్తుందో చూపించి మరీ అడుగుతుంది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ ప్రశ్నలు మనిషి కోసం పెట్టినవి. ఏజెంట్ కమాండ్ నడుపుతుంటే ఆ ప్రశ్నకు "అన్నీ" అని అదే జవాబిచ్చుకోగలదు, పని ఆగకూడదని బల్క్ సున్నా అని కమాండ్‌లోనే చేర్చుకోగలదు. అందుకని నా ఏజెంట్ సెట్టింగుల్లో లిస్ట్, ఎక్స్‌పోర్ట్ (టాస్కులన్నీ టెక్స్ట్‌గా బయటికి తీయడం) లాంటి చదివే కమాండ్లకు మాత్రమే అడగకుండా నడిచే అనుమతి ఉంది. మాడిఫై (టాస్క్ మార్చడం), డిలీట్, ఇంపోర్ట్ (ఫైల్ నుంచి టాస్కులు లోపలికి తేవడం), కాన్ఫిగ్ (సెట్టింగులు మార్చడం), వీటిలో ఏది నడపాలన్నా నన్ను అడగాల్సిందే. ఇంపోర్ట్‌ను వదిలేయకండి, ఒకే గుర్తింపు నంబరున్న పాత టాస్క్ మీద అది కొత్త వివరాలు రాసేస్తుంది.

ఇందులో నాకు లేదనిపించింది ఒకటే. పెద్ద మార్పు మొత్తాన్ని ముందే నడిపి చూపించి, అసలు డేటాను ముట్టకుండా ఆగే కమాండ్ లేదు. దానికి నేను చేసుకున్న ఏర్పాటు చెప్తాను. డేటా ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేస్తాను, ఏజెంట్‌ను ఆ కాపీ మీదే పని చేయిస్తాను, తర్వాత అసలుదీ కాపీదీ రెండూ ఎక్స్‌పోర్ట్ చేసి పక్కపక్కన పెట్టి ఏ లైను మారిందో చూస్తాను. 3.0 వెర్షన్ 2024లో వచ్చినప్పటి నుంచి డేటా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్‌లో ఉంటోంది, మామూలు టెక్స్ట్ ఫైల్‌లా తెరిచి చదవలేం, కాబట్టి ఎక్స్‌పోర్ట్ తప్పదు. కాపీకి సింక్ (డేటాను సర్వర్‌తో కలపడం) సెట్టింగు మాత్రం పొరపాటున కూడా ఉంచకండి, ఏజెంట్ సింక్ కొట్టిందంటే ప్రయోగం చేసిన మార్పులన్నీ సర్వర్‌కు పోతాయి.

ఇంకో చిన్న మెలిక. లిస్టులో కనిపించే 14, 15 అనే చిన్న నంబర్లు స్థిరం కాదు, కొన్ని పనులు పూర్తయ్యాక మళ్లీ వరుస మారుతుంది. పొద్దున కాపీలో చూసిన 14 సాయంత్రానికి ఇంకో మిల్లు పని అయ్యుండొచ్చు. అందుకే ఏజెంట్‌ను పొడవాటి గుర్తింపు నంబర్లే, అంటే యూయూఐడీలే వాడమని చెప్పాను, కాపీ మీద చూసిన కమాండ్లే అసలు దాని మీద నడపాలి, మధ్యలో మా అబ్బాయిలు ఏదైనా పూర్తి చేసి ఉంటే మళ్లీ కాపీ నుంచి మొదలు. పది నిమిషాల పని, కానీ ఆ పది నిమిషాలు నాకు టెన్షన్ లేకుండా నిద్ర పట్టిస్తున్నాయి.

ఫోన్‌లోనే అంతా చూసుకునేవాళ్లకు, కమాండ్లంటే ఇబ్బంది పడేవాళ్లకు దీన్ని చెప్పను. మా టెక్నీషియన్లకు కూడా పొద్దున్నే రోజు పనుల లిస్టు వాట్సాప్‌లో నేనే పంపుతాను. కానీ వేరే ఏ యాప్ వాడుతున్నా సరే, ఏజెంట్‌కు అనుమతి ఇచ్చేముందు ఎన్ని టాస్కులు, పాత తేదీ ఏది, కొత్త తేదీ ఏది అని యాప్ నుంచే తీసి చూడండి, ఏజెంట్ రాసిన సారాంశం చదివి సరే అనొద్దు. ఈసారి ఏజెంట్ వేంకటేశ్వర అన్నప్పుడల్లా నేను ఊరి పేరు కూడా చూస్తున్నాను.