పర్లాకిమిడిలో అర్జీలు రాసిపెట్టే జిరాక్స్ షాపు: బడి డబ్బుల కోసం వెళ్ళేవాళ్ళకి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. మనిషికి పని తెలుసు, మాట మంచిది, కానీ ఒకటి రెండు విషయాల్లో మనం కళ్ళు తెరుచుకుని లేకపోతే డబ్బులిచ్చి టెన్షన్ కొనుక్కున్నట్టే. షాపు పేరు రాయట్లేదు, అతనే వద్దన్నాడు. ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి బజారులో జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అని బోర్డు పెట్టి, లోపల ఒక మూల అర్జీలు కూడా టైపు చేసే షాపులు మీకు తెలిసినవే, అందులో ఒకటి అనుకోండి.

మాది కాశీనగర్ వైపు పల్లె. తెలుగు మీడియం బడి, ఎనిమిదో తరగతి దాకా. నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో పేరెంటు మెంబర్ని. 2024 జూన్‌లో భువనేశ్వర్‌లో 24 ఏళ్ళ తర్వాత ప్రభుత్వం మారి బీజేపీ వచ్చింది కదా, అప్పట్నుంచి మా ఊళ్ళో ఒకటే మాట: ఢిల్లీలోనూ వాళ్ళే, ఇక్కడా వాళ్ళే, ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాం? దానికి తోడు ఆ ఏడాది జూలై 1న ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ స్వయంగా కూర్చుని జనం అర్జీలు తీసుకోవడం టీవీలో చూశాక, అర్జీ అంటే చాలు అందరికీ హుషారు వచ్చేసింది. షాపతను కూడా అదే అన్నాడు, ఇదివరకు ఆధార్ లింకులకీ పాన్ కార్డులకీ వచ్చేవాళ్ళు, ఇప్పుడు సగం మంది అర్జీలకే వస్తున్నారని.

మేం అడగాల్సినవి మూడు. బడికి ఏటా వచ్చే గ్రాంటు తక్కువొచ్చింది. ఆడపిల్లల బాత్‌రూం తలుపు ఊడిపోయి ఉంది. తెలుగు చెప్పే మాస్టారి పోస్టు ఖాళీ. మొత్తం కలిపి ఒక కాగితం మీద రాయించేసి ఢిల్లీకి పంపించేద్దామని వెళ్ళాం, మా కమిటీ చైర్‌పర్సన్ పిన్నీ నేనూ.

ఇక్కడ అతనికి పూర్తి మార్కులు ఇవ్వాలి. కూర్చోగానే అడిగిన మొదటి మాట, "యూడైస్ నంబరు తెచ్చారా అన్నయ్యా?" ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది, ఒడిశా బడులకి 21తో మొదలవుతుంది. అది కొట్టి ఆన్‌లైన్‌లో మా బడి రిపోర్టు కార్డు తీశాడు. అది ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, కానీ మా కమిటీలో అప్పటిదాకా ఒక్కరం చూసిన పాపాన పోలేదు. పిల్లలు ఎంతమంది, టీచర్లు ఎంతమంది, ఏ మీడియం, బాత్‌రూములు ఎన్ని, అందులో పనిచేసేవి ఎన్ని, నీళ్ళున్నాయా, అన్నీ ఉంటాయి. స్క్రీన్ మా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు: ఆడపిల్లల బాత్‌రూములు రెండు, పనిచేసేవి రెండు. పిన్ని ఆ వేలు ఉన్నచోటే చూస్తూ, "తలుపు లేని గది పనిచేసినట్టెలాగ బాబూ?" అంది.

అదీ అసలు సంగతి. ఢిల్లీ వాళ్ళు మన బడికొచ్చి చూడరు, ఈ కాగితమే చూస్తారు. ఇందులో "ఉంది" అని ఉంటే ఇక ఎన్ని అర్జీలు పెట్టినా రిపేరు డబ్బులు రావు. ముందు హెడ్‌మాస్టరు గారి చేత ఇది మార్పించండి, తర్వాత అర్జీ సంగతి చూద్దాం అన్నాడు. ఇంకొకళ్ళయితే గబగబా టైపు చేసి డబ్బులు తీసుకుని పంపించేసేవాళ్ళు. ఇతను ఒకప్పుడు బ్లాకు ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేశాడట, అందుకే ఈ ఫారాలు ఎటునుంచి ఎటు పోతాయో తెలుసు.

గ్రాంటు లెక్క కూడా అతనే తేల్చాడు. సమగ్ర శిక్ష అని కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకి డబ్బులిచ్చే పథకం ఉంది, అందులో బడికి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 30 మంది దాకా 10 వేలు, వంద దాకా 25 వేలు, వంద దాటి 250 దాకా 50 వేలు, ఆపైన వెయ్యి దాకా 75 వేలు, వెయ్యి దాటితే లక్ష. అందులో కనీసం పదో వంతు శుభ్రతకి వాడాలి. మా బడిలో పిల్లలు 104 మంది, రిజిస్టర్‌లో పడింది 25 వేలు. అంటే నలుగురు పిల్లలు ఎక్కడో లెక్క తప్పారు, లేదా రావాల్సిన దాంట్లో సగమే వచ్చింది. వందకి అటూ ఇటూ ఉన్న బడుల వాళ్ళు ఇది తప్పకుండా చూసుకోండి, నలుగురి దగ్గర 25 వేలు తేడా వస్తుంది. ఈ డబ్బులో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40. కాబట్టి ఒకరినే అడిగితే రెండోవాళ్ళ మీదకి తోసేయడం తేలిక, ఇద్దరికీ పంపాలి అన్నాడు. కేంద్రానికి సీపీగ్రామ్స్ పోర్టల్‌లో, రాష్ట్రానికి జనసుణాణిలో. సోమవారం కలెక్టరు గారూ ఎస్పీ గారూ కలిసి కూర్చునే గ్రీవెన్స్‌లో ఒక కాపీ చేతికివ్వాలి. రెండు పోర్టల్స్‌లోనూ ఫీజు లేదు, షాపుకిచ్చేది టైపింగ్ డబ్బులే.

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు మార్కులు ఎక్కడ తగ్గించానో చెప్తా.

అతని దగ్గర ఒక రెడీమేడ్ అర్జీ ఉంది, అందరికీ అదే. పింఛనుకైనా అదే, కల్వర్టుకైనా అదే. మొదటి పేరా అంతా డబుల్ ఇంజిన్ సర్కారు ఎంత గొప్పదో, రెండో పేరా ప్రధానమంత్రి గారి దయాదాక్షిణ్యాలు, మూడో పేరా చివర్లో "కావున మా బడికి" అని మొదలవుతుంది. పేజీకి 30 రూపాయలు కాబట్టి పొగిడేకొద్దీ అతనికి లాభమే అనుకోండి. నేను తీసేయమన్నాను. అతను ఒప్పుకోలేదు, "కొత్త గవర్నమెంటు కదా అన్నయ్యా, ఆళ్ళకి బాగుంటది" అన్నాడు. ఎవరికి బాగుంటుంది? దీన్ని చదివేది ఏదో సెక్షన్లో కూర్చున్న గుమస్తా, ఆయనకి రోజుకి ఇలాంటివి బోలెడు. ఇది కిరాణా బాకీ చీటీలా ఉండాలి: ఎంత రావాలి, ఎంత వచ్చింది, మిగతాది ఎప్పుడు. అంతే.

ఇది నాకు చిన్న విషయం కాదు. మనం అడిగేది దానం కాదు. ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్ళ దగ్గర పన్ను మీద 4 శాతం హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్ అని కేంద్రం వసూలు చేస్తుంది, ఆ సెస్ రాష్ట్రాలకి పంచేది కాదు, వాళ్ళ దగ్గరే ఉంటుంది. 2025-26 బడ్జెట్లో సమగ్ర శిక్షకి 41,250 కోట్లు పెట్టారు. పెట్టిన డబ్బు మా బడిదాకా రావడానికి దండాలెందుకు? ప్రభుత్వం మారినప్పుడల్లా పొగడ్త మార్చుకుంటూ పోతే, రేపు ఢిల్లీలో ఒకరు, ఇక్కడ ఒకరు ఉన్న రోజు మన పిల్లల సంగతేంటి? తమిళనాడుని చూడండి, పీఎంశ్రీ (కొన్ని బడుల్ని ఎంచి నమూనా బడులుగా చేసే కేంద్ర పథకం) ఒప్పందం మీద సంతకం పెట్టలేదని 2024-25లో వాళ్ళ సమగ్ర శిక్ష డబ్బులు 2,152 కోట్లు ఆగిపోయాయి, చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఒడిశా కూడా పాత ప్రభుత్వంలో పీఎంశ్రీలో చేరలేదు, కొత్త ప్రభుత్వం వచ్చాకే చేరింది. పెద్దవాళ్ళ తగువులో ఏ పార్టీది తప్పయినా, బెంచీ లేకుండా కూర్చునేది పిల్లలే.

పీఎంశ్రీ అన్నాను కాబట్టి ఇంకొకటి. షాపతను ప్రతి బడివాళ్ళ చేతా "మా బడిని పీఎంశ్రీ చేయండి" అని ఒక లైను పెట్టిస్తున్నాడు. అదొక్కటి పెట్టించుకోకండి. అది అర్జీతో వచ్చేది కాదు. బడే పోర్టల్‌లో అప్లై చేసుకోవాలి, ముందు కొన్ని కనీస సౌకర్యాలు ఉండాలి, ఆ తర్వాత మార్కులు, ఆపైన బ్లాకుకి మహా అయితే రెండు బడులే. దేశం మొత్తానికి 14,500 పైచిలుకు. తలుపు లేని బడికి అది అడిగితే అసలు అడగాల్సింది అందులో కొట్టుకుపోతుంది.

భాష విషయంలో కూడా తగ్గించాను, ఆ పొగడ్తలతో కలిపి అర మార్కు పోయింది. కేంద్రానికి ఇంగ్లీషులో, కలెక్టరు గారికి ఒడియాలో టైపు చేసి సంతకాలు పెట్టమన్నాడు. పిన్ని పెన్ను పక్కన పెట్టేసింది. "ఏటి రాసేవో సదివి ఇనిపించు బాబూ, అప్పుడు సంతకం ఎడతాను" అంది. అతను చదివి తెలుగులో చెప్పాడు, కానీ మధ్యలో మాస్టారి పోస్టు సంగతి రాలేదు. ఎక్కడుందయ్యా అంటే, మర్చిపోయాడు! మళ్ళీ టైపు, మళ్ళీ ప్రింటు, ఆ పేజీకి డబ్బులు తీసుకోలేదు, అది అతని మంచితనం. తెలుగు కాపీ ఒకటి కావాలంటే మాత్రం మొహం అదోలా పెట్టాడు, తెలుగు టైపింగ్ నెమ్మదట, పేజీకి 50. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది, ఇక్కడ తెలుగులో కాగితం కావాలంటే ఇరవై రూపాయలు ఎక్కువ.

మాస్టారి పోస్టుకి నేనే ఒక లైను చెప్పి రాయించాను. రాజ్యాంగంలో 350ఎ అని ఉంది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు రాష్ట్రాలు చేయాలని. 350బి కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఉంటారు, ఈ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూసి రాష్ట్రపతికి రిపోర్టు ఇస్తారు. రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. గజపతి, రాయగడ, కొరాపుట్, గంజాంలలో ఉన్న తెలుగు బడుల వాళ్ళు ఆ కమిషనర్‌కి కూడా ఒక కాపీ పోస్టులో పంపండి. షాపతనికి ఇది తెగ నచ్చేసింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడు చూస్తే, నా పక్కన కూర్చున్న ఒడియా మీడియం బడి ఆయన అర్జీలో కూడా 350ఎ ఉంది.

అన్నిటికంటే పెద్ద మైనస్, ఇది చదవకుండా షాపుకి వెళ్ళొద్దు: ఫోన్ నంబరు. రిజిస్ట్రేషన్ త్వరగా అయిపోతుందని అతను తన నంబరే కొట్టేస్తాడు. ఓటీపీ తనకే వస్తుంది, పని అయిపోతుంది, మనం ఇంటికెళ్ళిపోతాం. తర్వాత మెసేజ్‌లు కూడా తనకే. మా అర్జీ కిందకీ మీదకీ తిరిగి చివరికి ఒక ఆఫీసులో "సంబంధిత అధికారిని సంప్రదించగలరు" అని రాసి మూసేశారు, అంటే ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్ళ దగ్గరికే వెళ్ళమని. ఆ మెసేజ్ అతని ఫోన్లో పడుంది, వందల మెసేజ్‌ల కింద. సీపీగ్రామ్స్‌లో అర్జీని 21 రోజుల్లో తేల్చాలని 2024 ఆగస్టులో రూలు పెట్టారు, మూసేశాక నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఆ 30 రోజులు దాటిపోయేవే, మా పిన్ని ఊరికే అటు వెళ్ళినప్పుడు అడిగింది కాబట్టి సరిపోయింది. సారీ చెప్పాడు, అప్పీలు ఫ్రీగా పెట్టాడు, నా నంబరు మార్చాడు. అయినా ఒక మార్కు కోత.

అప్పీలులో మాత్రం నా మాట విన్నాడు. పొగడ్తలు లేవు. యూడైస్ నంబరు, పిల్లల సంఖ్య, రావాల్సింది, వచ్చింది, తేడా, కింద కమిటీ తీర్మానం కాపీ, ఊడిన తలుపు ఫోటో. అర పేజీ. 15 రూపాయలే తీసుకోవాలి కదా అంటే నవ్వి ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి మిగతా గ్రాంటు వచ్చింది. తన అర్జీ వల్లే వచ్చిందని ఆ కాగితం కాపీ గోడకి అంటించుకున్నాడు. నేనైతే అంత మాట అనను, రెండో విడత ఎలాగూ ఉంటుంది. తలుపు పెట్టించాం. తెలుగు మాస్టారు ఇంకా రాలేదు, దాని మీద వేరే అర్జీ నడుస్తోంది. మూడూ ఒకే కాగితంలో పెడితే ఒకదానికి జవాబిచ్చి మూడూ మూసేస్తున్నారు, విడివిడిగా పెట్టండి.

కొత్త గదుల్లాంటి పెద్ద పనులకి అసలు ఈ షాపుకి వెళ్ళి లాభం లేదు. అవి బడి ప్లానులో ఉండాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ రాయాల్సింది మన కమిటీయే, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు. ఆ ప్లాను క్లస్టరు, బ్లాకు, జిల్లా, భువనేశ్వర్ మీదుగా ఢిల్లీ అప్రూవల్ బోర్డుకి వెళ్తుంది, కొత్త ఆర్థిక సంవత్సరానికి కాస్త అటూ ఇటూగా అక్కడ తేలుతుంది. దసరా అయ్యాక కమిటీ మీటింగు పెట్టించి, తీర్మానం పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టి, ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. మా హెడ్‌మాస్టరు గారు మొదట్లో చిరాకు పడ్డారు, ఇప్పుడు ఆయనే గుర్తు చేస్తున్నారు.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున్న పదింటికల్లా వెళ్ళండి, మధ్యాహ్నం అయితే కాలేజీ పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలతో నిలబడ్డానికి చోటుండదు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది కానీ ప్రింటరు నడవదు. తీర్మానం పుస్తకం ఒరిజినల్, బడి స్టాంపు వేసిన కాగితం, పిల్లల హాజరు లెక్క పట్టుకెళ్ళండి. ఓటీపీ అడగ్గానే మీ ఫోన్ నంబరే చెప్పండి, అతను తనది కొట్టేలోపు.