సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలా వద్దా: గంట కన్సల్టేషన్‌కి నా మార్కులు ఐదుకి మూడున్నర

పదకొండేళ్లుగా బయటి దేశంలో ఉంటున్నాను, చేతిలో పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు) ఉంది, సిటిజన్‌షిప్‌కి అర్హత వచ్చి కూడా చాలాకాలమైంది. అయినా ఏటా "వచ్చే ఏడు చూద్దాంలే" అంటూ నెట్టుకొస్తున్నాను. ఇది వినీ వినీ విసిగిపోయి మా ఆవిడే, ఇలాంటి విషయాల్లో ఫీజు తీసుకుని సలహా చెప్పే ఒక ఆన్‌లైన్ సర్వీసులో నా పేరు మీద గంట స్లాట్ బుక్ చేసేసింది. ఆ సర్వీసు పేరు రాయను, కింద కాస్త తిట్టబోతున్నాను కాబట్టి.

కాల్‌కి ముందు పెద్ద ఫారం ఒకటి పంపారు. ఉద్యోగం, పన్నులు, పిల్లలు, పాత కేసులేమైనా ఉన్నాయా... అన్నీ టకటకా నింపేశాను. చివర్లో ఒక ప్రశ్న ఉంది: వచ్చే పదేళ్లలో ఎవరి కోసమైనా ఏడాదికి మించి ఈ దేశం వదిలి ఉండాల్సి రావచ్చా? అక్కడ చెయ్యి ఆగిపోయింది. అమ్మ ఒక్కతే ఉంటుంది, మోకాళ్లు సహకరించడం లేదు. కాసేపు స్క్రీన్ వంకే చూస్తూ కూర్చుని "తెలియదు" అని టైప్ చేశాను.

కాల్‌లో ఆవిడ (సలహాదారు) నేరుగా ఆ "తెలియదు" దగ్గరే మొదలుపెట్టారు. ఇక్కడే మార్కులు కొట్టేశారు. పర్మనెంట్ అనేది పేరుకేనండీ, అని ఒక్కో దేశం సంగతీ చెప్పుకుంటూ పోయారు. కెనడాలో పీఆర్ నిలవాలంటే ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి, బ్రిటన్‌లో సెటిల్‌మెంట్ (అక్కడి పీఆర్ లాంటిది) వచ్చినవాళ్లలో చాలామందికి వరుసగా రెండేళ్లకు మించి బయట ఉంటే అది పోతుంది, యూరోపియన్ యూనియన్ లాంగ్ టర్మ్ రెసిడెంట్ హోదా అయితే వరుసగా 12 నెలలు యూనియన్ బయట ఉంటే ఎగిరిపోవచ్చు. నేను ఇన్నాళ్లూ తలకిందులుగా ఆలోచించానని అప్పుడు తెలిసింది. ఎప్పటికైనా వెనక్కి వెళ్లే ఆలోచన ఉన్నవాడికి సిటిజన్‌షిప్ ఎందుకులే అనుకునేవాణ్ని. నిజానికి ఆ పీఆర్ కార్డే నన్ను ఇక్కడ కట్టేసింది. రెండేళ్లు అమ్మ దగ్గర ఉండి మళ్లీ పనిలోకి రావాలంటే పౌరసత్వం ఉంటేనే నిశ్చింత.

రెండో వైపు కూడా దాచలేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, ఇష్టపడి ఇంకో పౌరసత్వం తీసుకుంటే పాతది దానంతటదే పోతుంది, మనం సంతకం పెట్టి వదులుకునేదాకా ఆగదు. తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైపోయిన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకుని ఎన్నేళ్లైనా వెళ్లి ఉండొచ్చు గానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో "అదేముందిలెండి" అనే ధోరణి లేకపోవడం నాకు నచ్చింది. పన్నుల గురించి రెండు మాటల్లో తేల్చేశారు: ఎక్కడ నివసించినా సరే పౌరుడైతే చాలు, ఆదాయం మీద పన్ను అడిగేవి ప్రధానంగా అమెరికా, ఎరిట్రియా, మిగతాచోట్ల ఎక్కువగా నివాసాన్ని బట్టే.

ఇక తిట్లు.

కాల్ అయ్యాక వాళ్లు పంపిన పీడీఎఫ్ చూసి తల పట్టుకున్నాను. జర్మనీ పౌరసత్వం కావాలంటే పాతది వదులుకోవాలని అందులో ఉంది. ఆ నియమాన్ని జర్మనీ 2024 జూన్ 27 నుంచే ఎత్తేసింది. నార్వే 2020లో, డెన్మార్క్ 2015లో ఇలాగే మారాయి, అవి కూడా ఆ పట్టికలో పాతపద్ధతిలోనే ఉన్నాయి. నాకు సంబంధం లేని దేశాలే అనుకోండి, కానీ డబ్బు తీసుకుని ఇచ్చే కాగితాన్ని ఏడాదికోసారైనా తిరగేయరా?

అంతకంటే పెద్దది రోజుల లెక్క. సిటిజన్‌షిప్ ఫారంలో చూపడానికి, నేను దేశం బయట ఉన్న రోజుల్ని వాళ్లే కూడి ఇచ్చారు. ఎందుకో అనుమానం వచ్చి ఆదివారం పొద్దున పాత పాస్‌పోర్టులు రెండూ టేబుల్ మీద పరిచి, ఫోన్ టార్చ్ వేసుకుని ఒక్కో స్టాంపూ చూసుకుంటూ నేనే లెక్కేశాను. వాళ్లకీ నాకూ 23 రోజులు తేడా! బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు కూడా గైర్హాజరు కింద వేసేశారు. మా దగ్గర పూర్తిగా బయట గడిపిన రోజులే లెక్క (బ్రిటన్‌లోనూ అంతే). మెయిల్ పెడితే సారీ చెప్పి సరిచేశారు, అది వేరే సంగతి, కానీ అందరూ కూర్చుని మళ్లీ లెక్కేసుకోరు కదా.

చివరి పది నిమిషాలు "మా ఫైలింగ్ ప్యాకేజీ" అంటూ ఒకటే నస. అప్లై చేయొద్దని వీళ్లు ఎవరికైనా ఎప్పుడైనా చెప్పుంటారా అన్న డౌటు మాత్రం పోలేదు.

ఒంటరిగా ఉంటూ, ప్రయాణాలు తక్కువై, రెండు పౌరసత్వాలకీ అభ్యంతరం లేని దేశం నుంచి వచ్చినవాళ్లు ఈ గంటకి డబ్బు తగలేయక్కర్లేదు, ప్రభుత్వ వెబ్‌సైట్ తీరిగ్గా చదువుకుంటే సరిపోతుంది. ముసలి తల్లిదండ్రులు వేరే దేశంలో ఉన్నా, త్వరలో పద్దెనిమిది నిండే పిల్లలున్నా తీసుకోండి. పీడీఎఫ్ మాత్రం తెరవకండి.

మా ఇంట్లో ఏం తేలిందంటే, నేను అప్లై చేస్తున్నాను, మా ఆవిడ చేయడం లేదు. ఇద్దరూ కలిసే మారాలని ఎక్కడా లేదు కదండీ, అని సలహాదారు అన్న ఆ ఒక్క మాటతో మూడేళ్ల గొడవ ఆగింది. మా ఆవిడకి తన ఓటు కావాలట, పైగా ఏడాది పాటు వెళ్లిపోయే అవసరం తనకి లేదు. నా ఫారం దాదాపు పూర్తయింది. ఒక స్టాంపులో తేదీ చెరిగిపోయి 1 అవునో 7 అవునో తెలియక ఆగాను. ఆ ఏడాది విమానం టికెట్ కోసం పాత మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుచేసుకుంటున్నాను.