ఆపే పోలీసా, పక్కన నడిచే పోలీసా?

విజయవాడలో ధర్నా అంటే పోలీసుల ముందు రెండు దారులు. ఒకటి, 30 యాక్ట్ (సభలకు, ఊరేగింపులకు పోలీసు అనుమతి అడిగే పోలీసు చట్టం 30వ సెక్షన్) అమల్లో ఉందని చెప్పి, నాయకులను తెల్లారకముందే ఇళ్లలో నిర్బంధించి, బస్సులు, రైళ్లు తనిఖీ చేసి జనాన్ని ఊళ్లోకే రానివ్వకపోవడం. రెండోది రూటు, టైము ముందే మాట్లాడుకుని, అనుమతిచ్చి, పక్కన నడవడం. నా ఓటు రెండోదానికే.

మొదటిదాని సంగతి 2022 ఫిబ్రవరి 3న చూశాం. పీఆర్సీ (వేతన సవరణ) మీద ప్రభుత్వ ఉద్యోగుల ‘చలో విజయవాడ’కు అనుమతి లేదన్నారు, దారి పొడవునా ఆపారు, అయినా వేలమంది బీఆర్‌టీఎస్ రోడ్డుకు చేరారు. వచ్చేవాళ్లు ఎలాగూ వస్తారు, కాకపోతే పోలీసులతో మాట్లాడాల్సిన నాయకుడు ఇంట్లో ఉంటాడు, కోపం మాత్రం రోడ్డు మీద ఉంటుంది.

రెండోదానికి ఓపిక కావాలి. ధర్నాచౌక్‌లో ఓసారి ఎండలో తాడు పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్ ముందు వరుసలో కూర్చున్న అంగన్‌వాడీ ఆవిడతో "అమ్మా, అంబులెన్స్ వస్తోంది, కాస్త జరగండి" అన్నాడు. వరుస మొత్తం లేచి దారిచ్చింది. అక్కడే లాఠీ ఎత్తి ఉంటే తోపులాటే.

అలాగని ఆంక్షలు ఎప్పుడూ వద్దనను. 1988 డిసెంబరులో ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య తర్వాత ఈ ఊరు తగలబడుతుంటే కర్ఫ్యూ పెట్టక తప్పలేదు. కానీ షాపులు తగలబెట్టేవాళ్లకూ, జీతం కోసం టెంటు కింద కూర్చున్నవాళ్లకూ ఒకటే మందా? సభలను నియంత్రించొచ్చు గానీ, ఇష్టమొచ్చినట్టు కాదనే అధికారం పోలీసులకు ఉండకూడదని 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.