స్పీడు పెంచబుద్ధి కాని పాడ్‌కాస్టులు

పాడ్‌కాస్టులు, అంటే ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు వినే ఆడియో కార్యక్రమాలు, వినడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, నిద్ర పట్టని రాత్రుళ్లు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటూనే ఉన్నాను. సబ్‌స్క్రైబ్ చేసి నాలుగు ఎపిసోడ్లకే వదిలేసినవి వందకు తక్కువుండవు. చివరికి నిలిచినవి ఐదారు. ఇవే ఎందుకు నిలిచాయా అని చూసుకుంటే, వీటిలో వేటినీ నేను స్పీడు పెంచి వినను.

మధ్యలో ఓ రెండేళ్లు నాకు ఆ పిచ్చి బాగా పట్టింది. ప్రతిదీ ఒకటిన్నర స్పీడులో పెట్టేదాన్ని. అది చాలదన్నట్టు, మాటల మధ్య ఖాళీలను కత్తిరించే ఆప్షన్ కూడా ఆన్ చేశాను. వారానికి ఎన్ని పూర్తయ్యాయో లెక్క చూసుకుని మురిసిపోయేదాన్ని. నిన్న ఏం విన్నావని ఎవరైనా అడిగితే మాత్రం తెల్లమొహం వేసేదాన్ని. ఒకరోజు యాప్ అప్‌డేట్ అయ్యి సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. అప్పుడు మామూలు స్పీడులో చెవిన పడింది 'ఇన్ అవర్ టైమ్'.

ఇది బీబీసీ రేడియో 4లో 1998లో మొదలైంది. ఒక విషయం, దాని మీద పనిచేసిన ముగ్గురు ప్రొఫెసర్లు, ముప్పావు గంట మాటలు. వెనక సంగీతం ఉండదు, నవ్వులుండవు. ఒక వారం అశోకుడు, ఇంకో వారం సున్నా, మరో వారం ఫోటాన్లు. ఎపిసోడ్లు వెయ్యి దాటాయి. 2025 దాకా నడిపిన మెల్విన్ బ్రాగ్‌కు ఓపిక తక్కువ. ప్రొఫెసరు గారు పీఠిక దగ్గరే తిరుగుతుంటే మధ్యలోనే తుంచి అసలు సంగతికి లాక్కొస్తారు. మొదట్లో నాకిది మర్యాదగా అనిపించలేదు. కొన్నాళ్లకు అర్థమైంది, ఆయన అడిగేది నేను అడగడానికి సిగ్గుపడే ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కునే ముందు ఆ ప్రొఫెసరు ఓ క్షణం ఆగుతాడు చూడండి, ఆ క్షణాన్నే ఇన్నాళ్లూ నా యాప్ కత్తిరించి పారేసింది.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది రేడియో టైము అయిపోయాక పాడ్‌కాస్టులో మాత్రమే వచ్చే చివరి నిమిషాలు. చెప్పాలనుకుని టైము చాలక వదిలేసిందేమిటని బ్రాగ్ అడుగుతారు. అప్పటిదాకా గడియారానికి భయపడి మాట్లాడినవాళ్లు ఒక్కసారిగా వదులవుతారు. ఇంతలో ప్రొడ్యూసర్ లోపలికొచ్చి టీ కావాలా, కాఫీ కావాలా అంటాడు. సామ్రాజ్యాల పతనం మీద నలభై నిమిషాలు సాగిన చర్చ అలా టీ దగ్గర ఆగిపోవడం నాకు ఎన్నిసార్లు విన్నా నవ్వు తెప్పిస్తుంది. లోపం లేదని కాదు. లెక్కలు, భౌతికశాస్త్రం ఎపిసోడ్లలో బొమ్మ లేకుండా అర్థం కాని చోట్లు బోలెడు. అలాంటివి సగంలో వదిలేశాను, దాచుకోవడం ఎందుకు.

'సాంగ్ ఎక్స్‌ప్లోడర్' దీనికి పూర్తిగా వేరే రకం. హృషికేశ్ హిర్వే 2014లో మొదలుపెట్టాడు. ఒక పాట తీసుకుని, దాన్ని కట్టినవాళ్ల చేతే విడదీయిస్తాడు. డ్రమ్ము ఒక్కటే వినిపిస్తుంది, తర్వాత బేస్ గిటారు, తర్వాత ఏ వాద్యమూ లేకుండా గొంతు మాత్రమే. గాయకుడు ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి కూడా తెలుస్తుంది. చివర్లో పాట మొత్తం వస్తుంది. అరగంట ముందు విని ఉంటే పట్టించుకోని పాటే, ఇప్పుడు ఏ మూల ఏముందో తెలిసిన ఇల్లులా ఉంటుంది. హృషికేశ్ తన ప్రశ్నల్ని ఎడిటింగ్‌లో తీసేస్తాడు. మొదట్లో, చివర్లో తప్ప ఆయన గొంతు వినపడదు. మాట్లాడే అవకాశం ఉండి కూడా తప్పుకునే హోస్టులు ఎంతమంది ఉంటారు? దీన్ని స్పీడు పెంచి వింటే పాట పాడైపోతుంది కాబట్టి ఆ గొడవే లేదు.

డాన్ కార్లిన్ 'హార్డ్‌కోర్ హిస్టరీ' ఓపికకు పరీక్ష. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఆరు భాగాలు చేశాడు, అన్నీ కలిపి ఇరవై గంటలు పైనే. తాను చరిత్రకారుణ్ణి కానని, చరిత్రంటే ఇష్టం ఉన్నవాణ్ణి మాత్రమేనని ఆయనే చెప్పుకుంటాడు. కందకాల్లో బురద, ఆగకుండా పడే ఫిరంగి గుండ్లు... చెబుతుంటే తోముతున్న గిన్నె చేతిలోనే ఉండిపోయేది. అయితే ఒక్కోసారి నాటకీయత మోతాదు మించుతుంది, చెప్పిందే మళ్లీ చెబుతాడు. కొత్తది రావడానికి నెలలు పడుతుంది. వరసగా వినకండి, తలనొప్పి ఖాయం.

'సీరియల్' అనే పాడ్‌కాస్టు గురించి నాకు రెండు మనసులు. 2014 అక్టోబరులో మొదలైన మొదటి సీజన్ పన్నెండు ఎపిసోడ్లు. బాల్టిమోర్‌లో 1999లో జరిగిన ఒక హత్య కేసును సారా కోనిగ్ మళ్లీ తవ్వింది. తనకు ఏది నిజమో తేలట్లేదని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. కానీ రెండోసారి విన్నప్పుడు, ఆ చనిపోయిన అమ్మాయి ఇంట్లోవాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల కడుపుకోత నాకు బట్టలు మడతపెట్టే వేళ కాలక్షేపమైంది కదా అనిపించి, ఆ తర్వాత నేర కథల పాడ్‌కాస్టులు దాదాపు మానేశాను.

అమిత్ వర్మ 'ద సీన్ అండ్ ది అన్‌సీన్'లో ఐదు గంటలు దాటిన ఎపిసోడ్లున్నాయి. వచ్చిన అతిథి ఆర్థికవేత్త అయినా సరే, ముందు చిన్నతనం గురించి అడుగుతాడు. నేను వారం రోజులకు పంచుకుని వింటాను. తెలుగులో 'హర్షణీయం' ఉంది. కథలు, రచయితలతో, అనువాదకులతో మాటలు. మన భాషలో కథ చెవిలో పడుతుంటే స్పీడు మాటే గుర్తురాదు.

ఇక వదిలేసినవాటి పేర్లు చెప్పను. ఇద్దరు స్నేహితులు తమ జోకులకు తామే పది నిమిషాలు నవ్వుకుని అప్పుడు విషయంలోకి దిగడం, మెల్లగా సాగుతున్న మాటల మధ్య ప్రకటన రెట్టింపు గొంతుతో విరుచుకుపడడం, నేను వదిలేసినవాటిలో చాలావరకు ఈ రెండింటి వల్లే. నిద్రపట్టే వేళ అలాంటి ప్రకటన ఒకటి వచ్చి ఎగిరిపడి లేచాను, ఆ కార్యక్రమం ఆ రాత్రితో సరి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను 'సాంగ్ ఎక్స్‌ప్లోడర్' చెబుతాను. ఎపిసోడ్ల జాబితాలో మీకు ముందే తెలిసిన పాట ఒకటి వెతుక్కోండి, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి.