బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సా, రెండు ట్రాన్సిస్టర్ల రిఫరెన్సా: తక్కువ కరెంటులో ఏది మేలు?

బిళ్ల బ్యాటరీతో ఏళ్ల తరబడి పనిచేయవలసిన సెన్సర్‌లో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ఇచ్చే ప్రతి అంకె వోల్టేజీ రిఫరెన్స్ మీదే, అంటే పోలికకు వాడే స్థిరమైన వోల్టేజీని ఇచ్చే బ్లాకు మీదే ఆధారపడుతుంది. దాదాపు 225 మిల్లీ ఆంపియర్ అవర్ల సీఆర్2032 నుంచి ఈ ఒక్క బ్లాకే ఎడతెగక 10 మైక్రో ఆంపియర్లు లాగితే రెండున్నరేళ్లలో బ్యాటరీ ఖాళీ అవుతుంది.

బాబ్ విడ్లర్ 1970ల తొలినాళ్లలో ఐసీల్లోకి తెచ్చిన, పాల్ బ్రోకా 1974లో చక్కని రూపమిచ్చిన బ్యాండ్‌గ్యాప్‌లో సూత్రం సులువైనది. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజీ, ఉష్ణోగ్రత పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతలతో నడిచే రెండు ట్రాన్సిస్టర్లలో ఆ వోల్టేజీల తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. ఈ తేడాను హెచ్చించి మొదటిదానికి కలిపితే సుమారు 1.2 వోల్టుల దగ్గర రెండు వాలులూ రద్దవుతాయి. ఆ విలువకు మూలం సిలికాన్ స్వభావమే కనుక ఫ్యాబ్ (చిప్ తయారీ కర్మాగారం) మారినా అది పెద్దగా కదలదు.

చిక్కంతా, ఆ తేడా నుంచి కరెంటును నిర్ణయించే రెసిస్టర్లతోనే. సాంద్రతల నిష్పత్తి 8 అయితే గది ఉష్ణోగ్రత వద్ద ఆ తేడా 54 మిల్లీవోల్టులు. కరెంటును 10 నానో ఆంపియర్లకు దించితే ఒక్క రెసిస్టరే 5.4 మెగా ఓములు కావాలి, అది చిప్‌పై చాలా చోటు ఆక్రమిస్తుంది. పైగా జంక్షన్ లీకేజీ (ఆపినా కారే కరెంటు) ప్రతి 10 డిగ్రీలకు రమారమి రెట్టింపవుతుంది కనుక, 85 డిగ్రీల వద్ద అది ఈ చిన్న కరెంటులో కలిసి, ఉష్ణోగ్రతతో అవుట్‌పుట్ మారే వక్రరేఖ చివరను వంచేస్తుంది.

రెండో మార్గమైన రెండు ట్రాన్సిస్టర్ల రిఫరెన్స్‌లో రెసిస్టరే ఉండదు. వేర్వేరు త్రెషోల్డ్‌లున్న (అంటే వేర్వేరు గేటు వోల్టేజీల దగ్గర ఆన్ అయ్యే) రెండు మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లను ఒకదానిపై ఒకటి పేర్చి సబ్‌త్రెషోల్డ్‌లో, అంటే ఆ వోల్టేజీకి దిగువన, నడపడమే. మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం 2012లో ప్రచురించిన సర్క్యూట్ 0.5 వోల్టుల సరఫరాతో 2.2 పికోవాట్లే వాడింది. అంకె ఊరించేదే, కానీ అది గది ఉష్ణోగ్రత దగ్గరి మాట: సర్క్యూట్‌ను నడిపే బయాస్ కరెంటే లీకేజీ కావడంతో వేడికి ఆ ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అవుట్‌పుట్ రెండు రకాల త్రెషోల్డ్‌ల తేడాను బట్టి ఉంటుంది కాబట్టి, కచ్చితత్వం కావాలంటే ట్రిమ్మింగ్ (ప్రతి చిప్‌నూ విడిగా సరిచేయడం) తప్పదు. లోడు మోయలేని ఈ సర్క్యూట్‌కు బఫర్ (లోడుకు కరెంటు ఇచ్చే యాంప్లిఫయర్) తగిలిస్తే, రిఫరెన్స్ కంటే బఫరే ఎక్కువ తాగుతుంది.

సెన్సర్‌ను నిద్రలేపే కంపారేటర్‌కు (రెండు వోల్టేజీలను పోల్చే సర్క్యూట్‌కు), నెమ్మది టైమర్‌కు నేను రెండోదాన్నే వాడతాను. కొలత కచ్చితంగా ఉండాల్సిన చోట మాత్రం బ్యాండ్‌గ్యాప్‌నే నమ్ముతాను, కాకపోతే దాన్ని ఎక్కువసేపు నిద్రపుచ్చి: 10 మైక్రో ఆంపియర్ల బ్లాకును సెకనుకు ఒక మిల్లీసెకను వెలిగించి, విలువను కెపాసిటర్‌లో నిలిపితే సగటు 10 నానో ఆంపియర్లే. అయితే 25 నుంచి 85 డిగ్రీలకు వెళ్లేసరికి కెపాసిటర్ విలువను పట్టి ఉంచే స్విచ్ లీకేజీ 64 రెట్లవుతుంది. బల్ల మీద సెకనుకోసారి సరిపోయిన రిఫ్రెష్ (కెపాసిటర్‌లోని విలువను మళ్లీ నింపడం), ఎండలో మూసిన పెట్టెలో దాదాపు 16 మిల్లీసెకన్లకోసారి కావలసి రావచ్చు, అప్పుడు సగటు 600 నానో ఆంపియర్లు దాటుతుంది. రిఫ్రెష్ వ్యవధిని ఉష్ణోగ్రతను బట్టి మార్చుకునే ఏర్పాటు లేకుండా ఈ పద్ధతిని ఎంచుకోకూడదు.