పాత పీసీ, లైనక్స్ మింట్, మన గేములు

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. నా పీసీ ఏడో తరం ఐ5, రేడియాన్ ఆర్‌ఎక్స్ 580 కార్డు, 16 జీబీ ర్యామ్. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలంటారు. విండోస్ 10కి చూస్తే 2025 అక్టోబరు 14తో సపోర్టు గడువు. నిక్షేపంలా పనిచేస్తున్న మెషిన్‌ని పాత సామాన్లకి వెయ్యడానికి మనసొప్పక, గడువు రాకముందే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్‌కి మారిపోయాను. అప్పట్నుంచీ ఆటలన్నీ దీంట్లోనే.

ఇన్‌స్టాల్ గురించి చెప్పడానికేం లేదు, పెన్‌డ్రైవ్ పెడితే అయిపోతుంది. రేడియాన్ కాబట్టి డ్రైవర్ కోసం వెతుక్కునే పని కూడా లేదు. అసలు పనంతా విండోస్ గేముల్ని లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ది. గేములు కొనుక్కునే స్టీమ్‌ని నడిపే వాల్వ్ వాళ్లు 2018లో తెచ్చారు, ఆ స్టీమ్‌లోనే ఉంటుంది. గేము విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్‌లో అడిగేదాన్ని లైనక్స్‌లోనూ నడిచే వల్కన్‌లోకి మార్చి కార్డుకి అందిస్తుంది. విచర్ 3 ఆడితే విండోస్‌కీ దీనికీ నా కంటికి తేడా తెలియలేదు. ఎల్డెన్ రింగ్ అక్కడక్కడా తడబడుతుంది గానీ, అది ప్రాసెసర్ వయసు.

మా దగ్గర వందేసి జీబీలు డౌన్‌లోడ్ చెయ్యడమంటే మాటలు కాదు. వానాకాలంలో గాలేస్తే కరెంటుతోపాటు నెట్టూ పోతుంది. అందుకని భీమవరంలో ఫ్రెండు దగ్గర్నుంచి హార్డ్‌డిస్కులో గేములు తెచ్చుకుంటాను. వాడిది విండోస్ అయినా ఇబ్బంది లేదు, ప్రోటాన్‌కి కావలసింది ఆ ఫైళ్లే. స్టీమ్ ఫోల్డర్‌లో వేసి ఇన్‌స్టాల్ కొడితే ఉన్నవాటిని సరిచూసుకుని, తక్కువైనవే దించుకుంటుంది. కాకపోతే ఆ డిస్కు మీంచే ఆడేద్దామనుకోకండి. అది ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు. ప్లే నొక్కితే 'రన్నింగ్' అని ఒక్క క్షణం చూపించి మళ్లీ ప్లేకే వచ్చేస్తుంది, ఎర్రర్ మెసేజీ కూడా ఉండదు. ప్రోటాన్ 'c:' అనే పేరుతో లింకు తయారు చేసుకుంటుంది, పేర్లలో కోలన్ విండోస్‌కి పడదు. లైనక్స్ ఫార్మాటైన ఈఎక్స్‌టీ4 డిస్కులోకి కాపీ చేసుకున్నాకే ఆడాలి.

షేడర్ల (గేము బొమ్మలు గీయడానికి గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) డౌన్‌లోడ్లు కూడా డేటా తింటాయి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లు స్టీమ్ సెట్టింగ్స్‌లో షేడర్ ప్రీ-క్యాషింగ్ ఆపేసుకోవచ్చు. నేను ఆపేశాను. కొత్త చోటికెళ్లినప్పుడు కాస్త ఆగి కదులుతుంది, అంతే.

ఇక అసలు తలనొప్పి యాంటీ-చీట్, అంటే ఆన్‌లైన్ గేముల్లో మోసాలు పట్టుకునే ప్రోగ్రాము. సెలవులకి మేనల్లుడొచ్చి, "మావయ్యా, వాలరెంట్ ఏదీ?" అన్నాడు.

"ఇందులో రాదురా."

"మరెందుకిది?"

వాడికేం చెబుతాం! వాలరెంట్‌కి వాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ ఉండాలి, అది లైనక్స్‌లో లేదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. ఎపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024లో వాళ్లే ఆపేశారు. జీటీఏ 5 కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ మాత్రం అదే ఏడాది బాటిల్‌ఐ అనే యాంటీ-చీట్ పెట్టాక పోయింది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2లకైతే లైనక్స్ వెర్షన్లే ఉన్నాయి. కాబట్టి 'నాకు లైనక్స్ వచ్చా రాదా' అని టెన్షన్ పడేకన్నా, మీరు రోజూ ఆడే గేముల పేర్లు, ఏ గేము ప్రోటాన్‌తో ఎలా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ సైట్లో కొట్టి చూసుకోండి. వాటిలో ఒక్కటి నడవకపోయినా మారాక మనశ్శాంతి ఉండదు.

మావాడి గోల పడలేక పాత ఎస్‌ఎస్‌డీ ఒకటి తగిలించి అందులో విండోస్ 10 ఉంచాను. రెండూ వేర్వేరు డిస్కుల్లో ఉంటే బూట్ దగ్గర తగాదా ఉండదు. ఆ విండోస్‌కి సపోర్టు గడువు అయిపోయింది కాబట్టి, దాంట్లో బ్యాంకు పనులు మాత్రం ఎవర్నీ చెయ్యనివ్వను.